కుర్చీ దిగడానికి ఒక మాట

మొన్న జర్మనీలో, మా ఊరు కార్ల్స్‌రూహెలో ట్రామ్ దిగగానే, కొత్తగా తెరిచిన స్వీడిష్ బేకరీలోంచి యాలకుల వాసన వచ్చింది. పాయసం గుర్తు రావాలి నిజానికి. నాకు మాత్రం యాలకుల బన్నులు చేసే కరిన్ ఆంటీ వంటిల్లు గుర్తొచ్చింది.

ఆవిడ నా చిన్నప్పుడు మా పై అంతస్తులో ఉండే స్వీడన్ ఆవిడ. అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆంటీ "మాతెన్ ఎ క్లార్" అని పిలిస్తే, వంటయిందని పరిగెత్తుకెళ్ళి కూర్చునేవాళ్ళం. తిన్నాక వాళ్ళ పిల్లలిద్దరూ "తక్ ఫొర్ మాతెన్" అనేవాళ్ళు. ఆవిడ తలూపాకే కుర్చీ దిగేవాళ్ళు. అంటే లేవడానికి అనుమతి అడుగుతున్నారని నేను తేల్చేసుకున్నాను.

ఇంట్లోనూ అదే అలవాటైంది. పప్పన్నం తిని, ఆ మాట అని, కంచం ముందు బుద్ధిగా కూర్చునేదాన్ని. ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా వండిన అమ్మ ఒక్క క్షణం నా వంక చూసి, "సరే, లే" అనేది. ఏళ్ళ తరబడి అంతే.

మొన్న ఆ బేకరీలోకి వెళ్తే, గోడ మీద "తక్ ఫొర్ మాతెన్" అనే రాసి ఉంది. కింద జర్మన్‌లో అర్థం: వండిపెట్టినందుకు కృతజ్ఞతలు. మా ఇంట్లో వండినవాళ్ళకి థాంక్స్ చెప్పడం ఎవరూ ఎరగరు.

నాలుగు యాలకుల బన్నులు కొనుక్కుని నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"నాకు తెలుసే. మొదటి వారమే కరిన్ చెప్పింది," అంది అమ్మ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సిగ్గుపడి మానేస్తావని."