అంగోలా పొలానికి నా సలహా

అమెరికాలో ఫ్రిస్కో ఊరి లైబ్రరీలో అరవై ఏళ్లకు ఇంగ్లిషు అక్షరాలు దిద్దే రోజుల్లో కూడా నా దగ్గర సలహాలకు కొదవ లేదు. పక్కన కూర్చునే ఆవిడది ఆఫ్రికాలోని అంగోలా; అక్కడ ఆవిడ తమ్ముడికి చమురు కంపెనీలో ఉద్యోగం పోయింది. ఆ దేశమంతా ఒక్క చమురు మీదే బతుకుతుందట, దాని ధర పడితే అన్నీ మూతపడతాయట. ఇక అతనికి ఊళ్లో పొలమే దిక్కు. ఏం వేయాలో చెప్పమని అక్కను అడిగాడట.

"మొత్తం వేరుశనగే వేయమను, సిస్టర్! మా అనంతపురంలో అందరం అదే," అన్నాను వచ్చీరాని ఇంగ్లిషులో.

"బాగా పండిందా?"

"వానలొస్తే పండేది."

"రాకపోతే?"

ఇక ఉన్నదంతా చెప్పేశాను. మధ్యమధ్య కంది సాళ్లు వేద్దామన్న మా అత్తగారిని వెక్కిరించి, పొలమంతా వేరుశనగే వేయించింది నేనే. మూడేళ్లు వరసగా విత్తనం కూడా తిరిగి రాలేదు.

"అచ్చం మా దేశంలాగే చేశావు, సిస్టర్!" అని ఆవిడ పగలబడి నవ్వింది.

"నాలుగు రకాలు వేయమని రాయి," అన్నాను. "నేను చెప్పానని మాత్రం రాయకు. మా అత్త చెప్పిందని రాయి."