బాలింత గదిలో చేపల తొట్టి

కాన్పయ్యాక అక్క మాట్లాడడం మానేసింది. అన్నం పెడితే తినేది, బిడ్డను ఒళ్లో పెడితే పాలిచ్చేది, ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకునేది. ఏడుపు లేదు, కోపం లేదు. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నాకు మాత్రం అక్క కొంచెం కొంచెంగా మాకు దూరమైపోతోందని భయం. పైకి చెప్పే ధైర్యం లేక డైరీలో రాసుకునేదాన్ని.

బావ కుప్పంలో పనిచేసేవాడు. అక్కకు చిన్నప్పటినుంచి చేపల్ని చూడడం ఇష్టమని, బెంగళూరులో నాలుగు ఎర్ర చేపలు కొని, నీళ్ల సంచిలో పట్టుకుని బస్సెక్కాడు. పుంగనూరులో దిగి, ఫోటోలకు అద్దాలు కట్టే సాయిబు చేత ముందే చేయించిన తొట్టి తీసుకుని మదనపల్లెలో మా ఇంటికి వచ్చాడు. ఇనుప చట్రానికి గాజు పలకలు, నీళ్లు కారకుండా అంచులకు లప్పం. బస్సులో ఒకాయన సంచిలోకి తొంగి చూసి, “ఇంత సన్నంగా ఉండాయి, కూరకు యాడ సాల్తాయప్పా” అన్నాడట. అక్క నవ్వలేదు. కానీ గోడవైపు తిరగనూ లేదు. చేపల్నే చూస్తూ ఉండిపోయింది.

తొట్టిని నడవలో పెట్టాం. మార్గశిరపు చలి, తలుపు తీస్తే ఈదురు గాలి. కొద్ది రోజులకే నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అవి చస్తే అక్క ఇక దేనివైపూ చూడదనిపించింది.

గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, బీరువాల మధ్య నిలబడే చదివాను. చేపల మలినం నీళ్లలో విషమవుతుందట. ఇసుకనూ రాళ్లనూ పట్టుకుని పెరిగే కంటికి కనబడని మంచి బాక్టీరియా ఆ విషాన్ని విరిచేస్తుందట. కొత్త తొట్టిలో అది ఇంకా ఉండదు. పెరగడానికి వారాలు పడుతుంది. నీళ్లు చల్లగా ఉంటే మరీ ఆలస్యం, గోరువెచ్చగా ఉంటే తొందర, వేడెక్కితే అదీ చస్తుంది, చేపలూ చస్తాయి. అందాకా మేత తగ్గించి, రోజూ కొన్ని నీళ్లు మాత్రమే మార్చాలి. చలికాలంలో మా ఇంట్లో పెరుగు తోడుకోక అమ్మ పడే అవస్థ గుర్తొచ్చింది.

ఇంట్లో వెచ్చగా ఉండేది ఒక్కటే గది. కిటికీలు మూసి, మంచం పక్కన కుంపటి పెట్టిన బాలింత గది. ఎంతో తటపటాయించి, తొట్టిని అక్కడ పెడదామా అని అడిగాను.

“పసిబిడ్డ ఉండే గదిలో నీచు నీళ్లు పెడతావా?” అంది అమ్మ. “రేపు అవి సస్తే? బాలింత కండ్ల ముందర సావు సూడాలనా?”

తొట్టి నడవలోనే ఉండిపోయింది. కానీ ఆ సాయంత్రం అక్క చెవులకు కట్టుకునే గుడ్డ కూడా లేకుండా గడప దాటి, నడవలో తొట్టి ముందు నిలబడి ఉంది. చలిగాలి సోకుతుందని అమ్మ హడలిపోయింది. తొట్టిని తనే ఒక పక్క పట్టి, నా చేత రెండో పక్క పట్టించి గదిలోకి తెచ్చింది.

అప్పటినుంచి నాకు ఇంకో భయం. కుంపటి దగ్గరైతే గాజు కాలుతుంది, దూరమైతే నీళ్లు చల్లబడతాయి. జ్వరం చూసినట్టు మాటిమాటికీ గాజుకు అరచెయ్యి ఆనించేదాన్ని. బిడ్డకు సాంబ్రాణి వేసినప్పుడు తొట్టిమీద పలక మూసేదాన్ని. ఇవన్నీ ఎందుకని అమ్మ అడిగితే బకెట్టు తీసుకుని బావి దగ్గరికి పోయేదాన్ని.

ఒక పొద్దున ఒక చేప వెల్లకిలా తేలింది. అమ్మ పొయ్యి దగ్గర ఉంది, అక్క నిద్రలో ఉంది. దాన్ని లోటాలో తీసి, పైట కింద దాచుకుని పోయి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చాను. బావినీళ్లతో చేతులు కడుక్కుని, తొట్టిలో కొంచెం మార్చడానికి బకెట్టుతో నీళ్లు తెచ్చేసరికి అక్క లేచి కూర్చుని తొట్టిలో మిగిలిన మూడు చేపల్ని చూస్తోంది.

“సలికా, నీళ్లకా?” అంది.

కాన్పయ్యాక ఆమె నన్ను అడిగిన మొదటి మాట. రెంటికీ అన్నాను. పుస్తకంలో చదివిందంతా చెప్పేశాను. అంతసేపు ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడి ఎరగను. చెబుతూనే బకెట్లో కుంపటి మీది వేన్నీళ్లు కలిపి, వేళ్లు ముంచి చూసి, సరిపోయిందనుకుని చెంబు ఎత్తాను.

అక్క మంచం దిగి వచ్చి బకెట్లో మోచెయ్యి ముంచింది.

“నీ సేతులు మంచుగడ్డల మాదిరుండాయి మే. వాటికి వేడేం తెలుస్తాది? ఇంగ రవ్వంత వేన్నీళ్లు పొయ్యి.”

పోశాను. మళ్లీ మోచెయ్యి పెట్టి, చాలు అన్నట్టు తల ఊపింది.

మర్నాడు అమ్మ గదిలోనే ఒక మూల పీటమీద కూర్చుని, చాపిన కాళ్లమీద బిడ్డను పడుకోబెట్టుకుని నీళ్లు పోయబోతోంది. అక్క వచ్చి పక్కన కూర్చుంది. గంగాళంలో మోచెయ్యి పెట్టి చూసింది.

“కాలతాండాయి మా, ఉండు,” అని చన్నీళ్ల చెంబు అందుకుంది.

అమ్మ నావైపు చూసింది. నేను తొట్టివైపు చూశాను. నీళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. మూడు చేపలూ అడుగున మెల్లగా కదులుతున్నాయి. లేచి వెళ్లి గాజుకు అరచెయ్యి ఆనించాను.