ఓడ మీద సిద్దమ్మ చెప్పిన మాట

సిద్దమ్మ పెనిమిటి తిప్పన్నకు చెవులు మందం. పుట్టుకతో వచ్చింది కాదు. పడుచుతనంలోనే బోరు బండి మీద పనికి కుదిరి, కంప్రెసర్ పక్కన నిలబడి ఎన్నో ఊళ్ల చేలల్లో రాయి తొలిచాడు. ఆ హోరు ఆయన చెవుల్లోంచి సన్న శబ్దాలను ఒక్కొక్కటిగా తుడిచేసింది. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత గాజుల చప్పుడు పోయింది. ఆ తర్వాత మెల్లగా మాట్లాడే మనుషులు పోయారు. చెవికి మిషను పెట్టిస్తే, లోపల తేలు పాకుతున్నట్టుందని పీకి జేబులో వేసుకునేవాడు.

అందుకే సిద్దమ్మ ఇంట్లో ఏ మాటైనా అరిచి చెప్పాల్సిందే. "సంగటి సల్లారిపోతాండాది, రాయ్యా!" అంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. మాత్ర మింగినావా, గొర్రెలకు నీళ్లు పెట్టినావా అని ఎంతైనా అరవొచ్చు. కొన్ని మాటలు మాత్రం అరిచి చెప్పేవి కావు. అలాంటివి చెప్పడం ఆమె మానేసింది. తిప్పన్నా ఎప్పుడూ అడగలేదు. తనకు ఏది వినపడలేదో తెలియని మనిషి ఏమని అడుగుతాడు?

బోరు బండి పని వదిలాక ఆయన కదిరిలో మోటార్లు, పైపులు అమ్మే అంగడి పెట్టాడు. ఒక ఏడు ఎండలు మరీ మండాయి. నీళ్లు అడుక్కు దిగిపోయే కొద్దీ జనం ఇంకా పెద్ద మోటార్ల కోసం అంగడికి వచ్చారు. బాగా అమ్మినవాళ్లను ఆలితో సహా ఓడ ఎక్కిస్తామని మోటార్ల కంపెనీ కబురు పెట్టింది. బొంబాయిలో ఎక్కి, లక్షదీవులు చూసి, కొచ్చిలో దిగాలి.

"నీళ్లు లేక మోటార్లు అమ్ముడుపోతే, మనల్ని నీళ్ల మీద తిప్పుతారంటనా?" అని సిద్దమ్మ నవ్వింది.

"ఏమంటివి?"

"వస్తా అంటాండా!" అని అరిచింది.

గొర్రెలను చెల్లెలు ఆంజినమ్మకు అప్పగించి, చెనిక్కాయల పొడి, ఓళిగలు మూట కట్టుకుని, గుంతకల్లులో రైలెక్కారు.

ఓడంటే పెద్ద పడవ అనుకుంది సిద్దమ్మ. రేవులో చూస్తే అది కిటికీలున్న తెల్లటి కొండ. లోపల అంగళ్లు, లిఫ్టులు, కాలు మెత్తగా దిగబడే తివాచీలు. వాళ్ల గదిలో మంచం మీద ఎవరో తెల్ల తువాలును మడతలు పెట్టి హంసను చేసి కూర్చోబెట్టారు. దాన్ని విప్పడానికి చేతులు రాక, సిద్దమ్మ ఎత్తి కుర్చీలో పెట్టింది. గదికి ఒక చిన్న వసారా ఉంది. అక్కడ నిలబడి చూస్తుంటే బొంబాయి మేడలు మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టాయి.

"ఊరు పోతాంది సూడు!" అంది.

తిప్పన్న తల ఊపాడు. పోతున్నది తామేనని ఇద్దరికీ కాసేపటికి గానీ తోచలేదు.

మర్నాటికి నేల అన్నది ఎక్కడా లేదు. సిద్దమ్మకు పొద్దు ఎలా జరుగుతుందో తెలియలేదు. ఊడ్చడానికి వాకిలి లేదు, తోలడానికి గొర్రెలు లేవు. కుర్చీలో కూర్చుని నీళ్లను చూసింది. నీళ్లు సాళ్లు సాళ్లుగా లేచి పడుతున్నాయి, కొత్తగా దున్నిన చేను ఊపిరి తీసుకుంటున్నట్టు. చూస్తూ చూస్తూ కళ్లు మూతలు పడేవి. తెరిస్తే మళ్లీ అదే నీలం. నిద్రేదో మెలకువేదో ఆమెకు తేడా తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మధ్యాహ్నం దూరంగా మబ్బు కిందికి వానకాళ్లు దిగాయి. సముద్రం మీద వాన. సిద్దమ్మ లేచి నిలబడింది. ఎంత వాన! ఒక్క గింజ కూడా లేని చోట, ఆకాశం మొత్తం ఒంపుతున్నట్టు కురుస్తోంది.

"ఎవరడిగినారని ఈడ కురుస్తాండాది?" అంది. కోపంగా అనబోయింది గానీ గొంతు కోపంగా రాలేదు. వాన కూడా ఎవరూ అడగకుండా ఒకచోట ఊరికే కురవొచ్చునని ఆమెకు అంతకుముందు తట్టలేదు.

సాయంత్రం అందరూ సూర్యుడు కుంగడం చూడటానికి ఓడ పై అంతస్తుకు చేరారు. అక్కడ గాలి మామూలు గాలి కాదు. చీర కొంగులు జెండాల్లా కొట్టుకుంటున్నాయి. వజ్రకరూరు నుంచి వచ్చిన డీలరు జయరాజు తన పెళ్లాం చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అరుస్తున్నాడు. ఆమె "ఆఁ? ఏందీ?" అని అంతకంటే పెద్దగా అరుస్తోంది. పక్కనున్న హిందీ జంట కూడా అంతే. ఆ గాలిలో ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు. అందరికీ చెవులు మందమే.

సిద్దమ్మ చుట్టూ చూసింది. కొంగు నడుముకు దోపుకుని తిప్పన్న చెవి దగ్గరికి వంగింది.

"మన చేన్లో బోరు ఏసిన పొద్దు గ్యాపకముండాదా?" అని అరిచింది.

తిప్పన్న ఆమె వైపు తిరిగాడు. ఊరందరి చేలల్లో నీళ్లు తీసిన మనిషి, తన చేన్లో ఎంత లోతుకు పోయినా దుమ్మే తీశాడు. "అదిప్పుడెందుకే?" అన్నాడు.

"ఒళ్లంతా రాతిపిండి పడి, తెల్లగా, గట్టు మీద కూసోనుంటివి. ఆ పొద్దు నీకొక మాట సెప్పాలనుకుంటి. ఊరంతా నిలబడి సూస్తాండ్రి. సెప్పలేకపోతి."

"ఏం మాట?"

సూర్యుడు నీళ్లను తాకాడు. జనం కేకలు వేశారు. ఆ కేకల్లో సిద్దమ్మ గొంతు ఒకటి.

"నీళ్లు రాకుంటే మానెలే, నువ్వుండావు కదా అని!"

 తిప్పన్న ఓడ కమ్మీ మీదున్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మళ్లీ సెప్పు," అన్నాడు.

"ఇనపడలేదా?"

"ఇనపడింది. మళ్లీ సెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. ఆ సాయంత్రం ఇంకా చాలా చెప్పింది. బోరు బండితో ఆయన నెలలు నెలలు పోయినప్పుడు ఆయన చొక్కా తలకింద పెట్టుకుని పడుకున్నదీ, ఒకసారి అలిగి పుట్టింటికి పోవాలని బస్సెక్కి రెండో స్టేజీలోనే దిగిపోయిందీ చెప్పింది. "అలిగింటివా? యాడ? యప్పుడు?" అని తిప్పన్న ఆశ్చర్యపోయాడు. చీకటి పడి అందరూ భోజనానికి దిగిపోయినా వాళ్లు దిగలేదు.

కొచ్చిలో దిగి, రైల్లో ఇంటికి చేరిన మర్నాడు వింతొకటి జరిగింది. పంచలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తుంటే సిద్దమ్మకు ఇంకా ఓడ మీదే ఉన్నట్టు కింద నేల మెల్లగా పైకి లేచి, మళ్లీ దిగినట్టయింది. గోడ పట్టుకుంది. గోడా ఊగింది. ఎదురుగా తిప్పన్న కాయ చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయి ఉన్నాడు.

"నీకూనా?" అన్నట్టు చూసింది.

"నాకూ ఊగుతాండాది," అన్నాడు.

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు, కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని. బయట ఎర్రమట్టి మీద ఎండ తెల్లగా కాస్తోంది. ఆ మట్టి కింద ఏదో పెద్ద నీరు నిద్రలో ఒత్తిగిలినట్టుంది.

తిప్పన్నకు ఆ ఊగుడు కొన్నాళ్లలోనే పోయింది. సిద్దమ్మకు ఇంకొంత కాలం ఉంది. అంగడికి పోయే ముందు రోజూ గడప దగ్గర ఆగి, "ఈ పొద్దు ఉండాదా?" అని అడిగేవాడు. ఆమె తల ఊపేది. ఒక పొద్దున లేచి చూస్తే నేల నేలలాగే, గట్టిగా, కదలకుండా ఉంది. తిప్పన్న ఎప్పట్లాగే ఆగి అడిగాడు. సిద్దమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుని చూసుకుని, ఉందన్నట్టు తల ఊపింది. ఆయన ముఖం నిండా నవ్వుకుంటూ బస్సుకు పోయాడు.