గ్రిల్ మీద పొంగిన పాలు

ఒక అబద్ధాన్ని పదిహేనేళ్ళకు పైగా మోశాను. పెద్దదేమీ కాదు, నాలుగే నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకి ఒక ఆడమనిషి పని పోయింది, పేరు పోయింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నా నోటితో నేనే అన్నాను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. క్షమించమని మాత్రం అడగను. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి.

నేను గ్యాస్ పొయ్యిలు బిగించే మిస్త్రీని. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి హౌరా రైల్వే యార్డులో చేరాడు. నేను ఆ యార్డు పక్కనున్న టికియాపారాలోనే పుట్టాను. బెంగాలీ వీధిలో వచ్చింది, హిందీ పనిలో వచ్చింది, తెలుగు రాయడం మాత్రం మా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

టికియాపారా నుంచి నది అవతల కలకత్తాలోని భవానీపూర్ దాకా తెలుగువాళ్ళ ఇంట కొత్త పొయ్యి వస్తే నాకే కబురు పంపేవారు. ఎందుకంటే మిగతా మిస్త్రీలు పైపు బిగించి, ఓసారి వెలిగించి చూపించి వెళ్ళిపోతారు. నేను అలా కాదు. ఇంటావిడ చేత పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టించి, కొత్త గిన్నెలో పాలు పోయించి, అవి పొంగేదాకా ఉండేవాణ్ణి. పొంగాక బర్నర్ టోపీ పట్టకారుతో ఎత్తి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి వెలిగించేవాణ్ణి. నిమిషం పని. నన్ను పాల మిస్త్రీ అనేవారు. ఆ పేరంటే నాకు గర్వం. ఇప్పటికీ ఉంది, అబద్ధమెందుకు?

బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం దిగిపోవడానికి రెండు మూడేళ్ళ ముందు సంగతి. కలకత్తా శివార్లలోని న్యూ టౌన్‌లో అపార్ట్‌మెంట్లు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. అందులో ఒకదాని పై అంతస్తులో శ్రీధర్ గారని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆయన భార్య సుజాత గారు కొత్తగా దిగారు. వాళ్ళ వాటాకి సొంత టెర్రస్ ఉంది. అక్కడ పెట్టుకోవడానికి గ్యాస్ గ్రిల్ తెప్పించారు. నేను అలాంటిది చూడటం అదే మొదలు. చక్రాలున్న ఇనుప బల్ల, దాని మీద పెద్ద మూత, మూత కింద కమ్మీలు, కమ్మీల కింద పొడుగాటి గొట్టాల్లాంటి బర్నర్లు నాలుగు.

తెలియని వస్తువు కదా అని గుడ్డిగా బిగించలేదు. దాంతో వచ్చిన పుస్తకాన్ని శ్రీధర్ గారి చేత పేజీ పేజీ చదివించుకున్నాను. రేకు నీడ కింద కాకుండా ఆకాశం కిందే పెట్టించాను. గోడకి దూరంగా, బట్టలారేసే తాడుకి ఇంకా దూరంగా జరిపించాను. నేల ఏటవాలుగా ఉంటే పలక వేసి సమం చేశాను. చక్రాలు కదలకుండా బిగించాను. సిలిండర్ నిలువుగా నిలబెట్టాను. కొత్త పైపు వేసి, కొస దగ్గర క్లిప్పు బిగించి, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ పూసి బుడగ వస్తుందేమో అని కళ్ళు పెట్టుకుని చూశాను. గ్యాస్ కారితే పైకి పోదు, నేల మీదే కూర్చుంటుంది. అందుకని పిట్టగోడ అడుగున నీళ్ళు పోయే తూములకి చెత్త అడ్డం పడితే అదీ తీశాను. ఆ రోజు నా పనికి వంక పెట్టగలిగేవాడు కలకత్తాలో లేడు.

ఆ ఇంట్లో వంట చేసేది పారుల్ మాసి, మన మాటలో పారుల్ పిన్ని. నలభై దాటిన మనిషి, ఆ బిల్డింగులోనే మరో మూడిళ్ళలో కూడా వండేది. గ్రిల్ వెలిగించేది ఆమే కాబట్టి ఆమెకే చూపించాను. ముందు మూత తెరువు, తర్వాతే గ్యాస్ తిప్పు, మూత మూసి ఉండగా ఎప్పుడూ వెలిగించకు అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నాకే తిరిగి అప్పజెప్పింది.

అక్కడితో ఆగి సంచీ సర్దుకుంటే ఈ కాగితం ఉండేది కాదు.

పాలు పొంగిద్దామని నేనే అన్నాను. వాళ్ళెవరూ అడగలేదు. సుజాత గారు ఎంత మురిసిపోయారో. ఊరు కాని ఊళ్ళో మనవాడొకడు గుర్తు చేశాడని గబగబా గిన్నె తెచ్చారు. పాలు పొంగాయి. కమ్మీల సందుల్లోంచి కిందికి కారి, ఎడమ చివరి బర్నర్ మీద పడ్డాయి. మంట సుయ్యిమని ఆరిపోయింది. గ్యాస్ కట్టేసి, కాసేపాగి మళ్ళీ వెలిగించాను. సగం కన్నాలే వెలిగాయి. అది నేను చూశాను. బర్నర్ మీద ఏదైనా ఒలికితే విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పరీక్షించాకే వాడాలని పుస్తకంలో ఉంది. శ్రీధర్ గారు చదివినప్పుడు నేను విన్నాను కూడా.

మరెందుకు విప్పలేదు? బస్సుకి ఆలస్యమైందా? లేదు. బద్ధకమా? ఉదయం నుంచీ ఒళ్ళు వంచి పనిచేసినవాణ్ణి, మరో గంట నాకో లెక్కా? చాలా ఏళ్ళు నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. అసలు సంగతి ఇది: అంతసేపు అంత పెద్ద పనివాడిలా నిలబడి, పొద్దుటి నుంచీ వాళ్ళకి జాగ్రత్తలు నూరిపోసి, చివరికి నా ముచ్చట కోసం నేనే నా పనిని పాడుచేశానని వాళ్ళ ముందు ఒప్పుకోలేకపోయాను. వంటింటి పొయ్యికి చేసినట్టే దీనికీ చేశాను. వంటింటి బర్నర్‌కి టోపీ లేస్తుంది, దీనికి లేవదు. వేడికి అదే మాడి రాలిపోతుందిలే అనుకున్నాను. అంతా బాగుందని చెప్పి, పెట్టిన స్వీటు తిని, వచ్చేశాను.

మూడు వారాలకి ఫోన్ వచ్చింది. ఆఫీసు స్నేహితులు భోజనానికి వస్తే పారుల్ మాసి గ్రిల్ వెలిగించిందట. భగ్గుమని మంట కింద నుంచి, మీటల దగ్గర నుంచి వచ్చిందట. కుడి చెయ్యి కాలింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. వాళ్ళు లోపలున్నారు. టెర్రస్ మీద నేనొక్కణ్ణే. ఎడమ చివరి బర్నర్ విప్పాను. కన్నాల నిండా పాలగిన్నె అడుగున పట్టినట్టు మాడు. బయటికి దారి లేని గ్యాస్ వెనక్కి మళ్ళి అడుగు పెట్టెలో నిండింది. అక్కడే అంటుకుంది. అర్థం కావడానికి నాకు క్షణం పట్టలేదు. ఆ తర్వాత చేసింది కూడా చెబుతాను. వైరు బ్రష్ తీసి ఒక్కొక్క కన్నం గీకాను. రాలిన పొడిని పిట్టగోడ మీంచి ఊదేశాను. బిగించాను. అప్పుడు వాళ్ళని పిలిచాను, వాళ్ళ వెనకే పారుల్ మాసి కూడా వచ్చింది. వెలిగించి చూపించాను. నాలుగు బర్నర్లూ నీలంగా, వరసగా, ముచ్చటగా వెలిగాయి.

"మిషన్‌లో ఏ లోపమూ లేదండీ," అన్నాను. "మూత దించి వెలిగించి ఉంటుంది."

"నేనూ అదే అనుకున్నాను," అన్నారు శ్రీధర్ గారు.

మేం తెలుగులో మాట్లాడుకుంటున్నా, తన గురించేనని పారుల్ మాసికి తెలిసింది. మోచేతి దాకా కట్టు. కనుబొమ్మ సగం లేదు. నా చెయ్యి గ్రిల్ మూత మీదుంది, అది చూసింది.

"ఢక్‌నా ఖోలా ఛిలో, దాదా," అంది. మూత తెరిచే ఉంది అని. "నువ్వే కదా నేర్పావు."

"ఒక్కోసారి మర్చిపోతాం, మాసీ."

"నేను మర్చిపోలేదు. లోపల చూశావు కదా, ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు."

ఆ మాట నిజమే. అప్పటికి ఏమీ లేదు. నా వేళ్ళకి మాత్రం మాడిన పాల వాసన వేస్తోంది.

మందుల ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు, ఆ విషయంలో మంచివాళ్ళే. కానీ పనిలోంచి తీసేశారు. చెప్పింది వినిపించుకోని మనిషి అన్న మాట ఆ బిల్డింగంతా పాకింది. మిగతా మూడిళ్ళూ మానిపించాయి. ఏడాది తర్వాత ఆ గేటు దగ్గర కాపలా ఉండే అతను చెప్పాడు, ఆమె ఇప్పుడెక్కడా వండటం లేదని, ఇంట్లో కూర్చుని కాగితం సంచులు అంటిస్తోందని, అగ్గిపుల్ల గీయాలన్నా కూతుర్ని పిలుస్తుందని. ఇల్లెక్కడో అతనికి తెలుసు. నేను అడగలేదు. మొదటి తప్పు తొందరలో జరిగిందని ఎవరైనా నన్ను వెనకేసుకురావచ్చు. ఇది మాత్రం నింపాదిగా, ఏళ్ళ తరబడి చేశాను.

ఇంకోటి కూడా రాసేస్తాను. నేను ఎర్రజెండా పట్టుకుని ఊరేగింపుల్లో నడిచినవాణ్ణి. పనిచేసేవాళ్ళంతా ఒక్కటేనని గొంతు చించుకుని అరిచినవాణ్ణి. మిస్త్రీ మాటకీ వంటమనిషి మాటకీ తేడా వస్తే ఆ ఇంటివాళ్ళు ఎవరి మాట నమ్ముతారో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. భయంలో నోరు జారింది అనకండి. నా నోరు ఎక్కడికి జారాలో దానికి తెలుసు.

మా ఆవిడకి ఈ మధ్యే చెప్పాను. "ఇప్పుడదంతా తవ్వుకుని ఏటి సేస్తావు? పోనీ, వదిలెయ్," అంది. ఆవిడ వదిలేయగలదు, చెయ్యి కాలింది ఆవిడది కాదు. నాదీ కాదు. వదిలెయ్యమనే హక్కున్న మనిషి ఒక్కతే ఉంది, ఆమె ఆ మాట అనలేదు. అనక్కర్లేదు కూడా.

ఈ పిచ్చి ఆచారం వల్లే కదా అని మీరనబోతే ఆగండి. పాల మీద నెపం పెట్టి తప్పించుకోను. ఆ తర్వాత కూడా ఎన్నో ఇళ్ళలో పాలు పొంగించాను, ఇకముందూ పొంగిస్తాను. ఏం, ఎందుకు మానాలి? పాలు పొంగినందుకు కాదు ఆమె చెయ్యి కాలింది. పొంగాక నేను విప్పనందుకు. ఇప్పుడు ప్రతి కన్నంలోనూ మంట కనిపించేదాకా గడప దాటను. దానికి ప్రాయశ్చిత్తం అని పేరు పెట్టకండి. ఆ పని అలాగే చెయ్యాలి. ఆ రోజూ అలాగే చెయ్యాల్సింది.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా నన్ను నేను అడుక్కున్నాను. నా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ అక్షరం చదవలేరు. ఆ బిల్డింగులో ఇది చదవగలిగేవాళ్ళు ఇద్దరే, వాళ్ళూ ఎప్పుడో ఊరు మారిపోయారు. పారుల్ మాసికి తెలుగు రాదు. ఎవరికీ అందని చోట దాచి, చెప్పేశానని చంకలు గుద్దుకుంటున్నానా? కావచ్చు. ఆ పిరికితనం కూడా ఇందులో రాసుకోండి. ఈ కాగితం రాశాక గుండె కాస్త తేలికైన మాట నిజం. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలిసినా, తేలికైంది.

ఆ రోజు టెర్రస్ మీద నేను చెప్పాల్సింది కూడా నాలుగు మాటలే. ఆమె భాషలోనే చెబుతాను, తెలుగు అక్షరాల్లో అయినా సరే.

ఢక్‌నా ఖోలా ఛిలో, మాసీ.

మూత తెరిచే ఉంది.