పక్కవాళ్ల టోటల్ స్టేషన్

సర్వేయరు తాత దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ మిషన్‌ను స్టాండు మీద బిగించి, దాని అద్దాన్ని పసిపిల్ల మూతి తుడిచినంత గారంగా తుడుస్తాడు. దాన్ని బ్లూటూత్‌తో చేతిలోని కొలతల డబ్బాకు, అదే డేటా కలెక్టరుకు, కలిపేటప్పుడు మాత్రం కళ్లజోడు పెట్టుకోడు. ముసలివాడంటారని బెంగ. ఆ రోజు మైదానంలో ఇంకో జట్టు కూడా కొలతలు తీస్తోంది. తాత ఎప్పట్లాగే తెర మీది మిషన్ల పేర్లలో అందాజుగా ఒకటి నొక్కేశాడు. కలిసింది కానీ, దూరాలు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. ఎదురుగా, కొలతకు గురిగా ప్రిజం అద్దం బిగించిన కర్ర పట్టుకున్న అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు.

"కర్ర కదలకుండా పట్టుకోవడం కూడా రాదా? రేపట్నుంచి రావద్దు, పో!"

"నేను కదల్లేదు బాబాయ్!"

వినిపించుకోలేదు. ఆమె కర్ర కింద పెట్టి గేటు వైపు నడిచింది. అంతలో అవతలి జట్టు సర్వేయరు కేకేశాడు.

"పెద్దాయనా! మీ డబ్బా మా మిషన్‌తో కాపురం పెట్టింది, కాస్త విడదీయండి!"

మైదానమంతా ఘొల్లుమంది. తాత చెవులు ఎర్రబడ్డాయి. పడుతూ లేస్తూ వెళ్లి ఆమెను అందుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా." ఆ మాట మీసం దాటలేదు.

"తిట్టినప్పుడు అందరికీ వినపడింది బాబాయ్. ఇదీ వినపడాలిగా?"

తాత తల దించుకునే మైదానం వైపు తిరిగి అరిచాడు. "అమ్మాయి కదల్లేదర్రా! తప్పు పేరు నొక్కింది నేనే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది తాతకి.