విరుదునగర్ కింద పడ్డ కోవిల్‌పట్టి

అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేస్తూ, ఒక్క పుల్ల కూడా గీయకుండా కంపెనీ మొత్తానికి నిప్పు పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ మనిషిని నేనే. ఆ రోజు ఫైరింజన్ రాలేదు గానీ, వచ్చుంటే దాన్ని కూడా విరుదునగర్‌కే పంపించి ఉండేదాన్ని.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాది తమిళులూ తెలుగువాళ్ళూ కలిసి ఉండే కోవిల్‌పట్టి. అమ్మ అక్కడి కంపెనీలో ప్యాకింగ్ విభాగానికి మేస్త్రీ. నేను కంప్యూటర్ కోర్సు చదివి అదే కంపెనీ ఆఫీసులో చేరాను. మా వీధిలో ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటి ఆడపిల్లను నేనే. పైగా ఆ కుర్చీకి చక్రాలు. అమ్మ ఆ సంగతి కూరగాయల బండివాడికి కూడా చెప్పింది. "మా పాప కూకునే నాక్కాలి గిరగిరా తిరుగుతాది!"

మా యజమానిని అందరం మొదలాళి అనేవాళ్ళం. ఫ్యాక్టరీలో తమిళం మాట్లాడేవారు, కోపం వస్తే మాత్రం ఇంటి తెలుగులోకి దిగేవారు. ఆయన విరుదునగర్‌లో కొత్త షెడ్డు కట్టించారు. రెండు ఊళ్ళలో ఎవరు ఏ పనికి వెళ్ళాలో చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కొని, దాన్ని నా చేతిలో పెట్టారు. కోతి చేతిలో కొబ్బరికాయ పెట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది. కోతి కాయ ఒక్కటే పగలగొడుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఊరు ఒక ప్రాజెక్టు. ఆ ఊళ్ళో జరిగే ఒక్కో పని దాని కింద ఒక సబ్-ప్రాజెక్టు. పుల్లలకు మందు అద్దడం ఒకటి, ప్యాకింగ్ ఒకటి, అలాగన్నమాట. సబ్-ప్రాజెక్టును ఏ ఊరి కింద పెడితే ఆ ఊరి బస్సు, ఆ ఊరి వేళలు దానికి వాటంతటవే వచ్చేస్తాయి, తండ్రి ఇంటిపేరు పిల్లలకు వచ్చినట్టు. పొద్దున కంప్యూటర్ స్లిప్పులు అచ్చువేస్తుంది. వాటిని బట్టి డ్రైవర్లు మనుషుల్ని దింపుతారు. ఇదంతా నాకు మదురైలో నేర్పించారు. భోజనానికి ముందు చెప్పిందంతా శ్రద్ధగా విన్నాను. మిగతాది భోజనం తర్వాత చెప్పడం వాళ్ళ తప్పు.

సాఫ్ట్‌వేర్ మొదలైన రోజు పొద్దున, కళుగుమలై వైపు పల్లెల ఆడవాళ్ళతో పాటు అమ్మను కూడా ఎక్కించుకున్న ప్యాకింగ్ బస్సు మా గేటు ముందు హారన్ కొట్టి, ఆగకుండా ఊరు దాటి సాత్తూరు దారి పట్టింది. నేను ఆఫీసు కిటికీలోంచి చూసి సంతోషంగా చెయ్యి కూడా ఊపాను.

కాసేపటికి మొదలాళి నా గదిలోకి వచ్చారు. తెలుగులో వచ్చారు.

"ఏమ్మా, పుల్లలుండాయి, పెట్టెలుండాయి, తూత్తుకుడి హార్బరుకు పొయ్యే లారీ గేటుకాడ ఉండాది. పెట్టెలు నింపే మనుషులేడమ్మా?"

"వస్తా ఉంటారు సార్."

"యాడి నుంచి?"

నేను తెర వైపు చూశాను. ప్యాకింగ్ అనే సబ్-ప్రాజెక్టు విరుదునగర్ కింద హాయిగా కూర్చుని ఉంది. అప్పుడే ఫోన్ మోగింది. టెలిఫోన్ బూత్ నుంచి అమ్మ.

"ఏమే, మమ్మల్ని ఈడ దింపేసి బస్సు పొయ్యింది. షెడ్డులో ఒక మిషనూ లేదు. వాచ్‌మేన్ ఒకడుండాడు, కుక్క ఒకటుండాది. ఇద్దరూ మమ్మల్ని చూసి బయపడినారు."

"అమ్మా, మీరు ఇప్పుడు విరుదునగర్‌లో ఉన్నారు."

"అది మాకూ తెలిసిందిలే. ఏంటికి ఉండామో చెప్పు."

"చిన్న తప్పు జరిగింది. వెంటనే బస్సు పంపిస్తాను."

"నిదానంగా పంపించు. ఈడ నూనె పరోటా బాగుంటాదంట. అందరూ ఆకలి మీద ఉండారు."

మొదలాళి నా ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆ లారీ సాయంత్రం లోపల కదలకపోతే సరుకు ఓడ ఎక్కదు. ఓడ వెళ్ళిపోతే బేరం పోతుంది, బేరం పోతే నా చక్రాల కుర్చీ పోతుంది. ఆపైన అమ్మ ఆ కూరగాయల బండివాడి ముందు తలెత్తుకుని బెండకాయలు కొనలేదు.

"ఒక్క నిమిషం సార్, సరిచేస్తాను" అన్నాను. మీకు తెలుసు కదా, మనిషి పూర్తిగా మునిగేది ఈ మాట అన్న తర్వాతే.

ప్యాకింగ్‌ను మౌస్‌తో పట్టుకుని, ఎత్తి, కోవిల్‌పట్టి కింద వదిలితే చాలు. కానీ నా కళ్ళు తెర మీద కన్నా మొదలాళి మీదే ఉన్నాయి. ప్యాకింగ్‌కు బదులు కోవిల్‌పట్టినే పట్టుకున్నాను. ఊరికి ఊరిని ఎత్తి తీసుకెళ్ళి ప్యాకింగ్ కింద వదిలాను. కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో పెద్ద ప్రశ్న అడిగింది. పెద్దవాళ్ళు అడిగితే కాదనకూడదని అవును అన్నాను.

ప్రింటర్ గరగరమంటూ లేచింది. మందు అద్దేవాళ్ళు, మెకానిక్కు, అకౌంటెంటు, గేటు కాపలా, అందరికీ కొత్త స్లిప్పులు వచ్చాయి. అందరిదీ ప్యాకింగ్ విభాగమే. అన్నిటికన్నా పైన వచ్చిన స్లిప్పు మొదలాళిది. మర్యాదగా ఉంటుందని ఆయన పేరును కోవిల్‌పట్టి కింద మొట్టమొదట ఎక్కించింది నేనే. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"పని: పెట్టెలు నింపడం. మేస్త్రీ..." ఆగారు. "ఇది మీ అమ్మ పేరు కదమ్మా?"

"అవును సార్."

"అంటే ఈ పొద్దు నుంచి మీ అమ్మ నాకు మేస్త్రీ."

నేల విచ్చుకుంటే దూకేద్దామని కిందికి చూశాను. గట్టి సిమెంటు నేల. ఆయన స్లిప్పును జేబులో పెట్టుకున్నారు. తర్వాత చొక్కా చేతులు మడిచి, "శరి, రాండప్పా అందరూ! లారీ నిలబడి ఉండాది" అని కేకేసి, ప్యాకింగ్ హాలులోకి వెళ్ళి నేల మీద కూర్చున్నారు. ఆయనే కూర్చున్నాక ఇంకెవరు నిలబడతారు? అకౌంటెంటు మూలుగుతూ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను, ఈసారి చక్రాలు లేకుండా. మెకానిక్కు పాట ఎత్తుకున్నాడు. మొదలాళి పెట్టె నింపుతుంటే, పుల్లలు పెళ్ళి భోజనాల బంతిలో జనంలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

మధ్యాహ్నం దాటాక బస్సు తిరిగొచ్చింది. పరోటా వాసనతో, పెద్ద నవ్వులతో ఆడవాళ్ళు దిగారు. అమ్మ హాలులోకి వస్తూనే ఒక పెట్టె తెరిచి చూసింది.

"ఇది నింపింది ఎవురు? కొత్త ఆళా?"

"నేనేనమ్మా" అన్నారు మొదలాళి.

మెకానిక్కు పాట ఆపేశాడు. అమ్మ ఆయన్ను చూసింది, పెట్టెను చూసింది. "పరవాయిల్లే, నేర్చుకుంటే వస్తాది" అంది. ముందుగా నవ్వింది ఆయనే. ఆ తర్వాత అందరూ తలా ఒక చెయ్యి వేశారు. పొద్దు వాలకముందే లారీ కదిలింది.

మర్నాడు ఆయన పిలిచారు. ఉద్యోగం ఊడిందనుకుని, కుర్చీకి మనసులోనే దండం పెట్టి వెళ్ళాను.

"నిన్న వచ్చినప్పట్నుంచి ఆడోళ్ళు, మళ్ళా ఎప్పుడు విరుదునగర్ పోదామని ఒకటే అడుగుతా ఉండారు" అన్నారు. "ఇన్నేండ్లలో వీళ్ళు ఇట్ల నవ్వేది నేను వినలేదమ్మా. దీనికి కూడా ఒక సబ్-ప్రాజెక్టు పెట్టు. ఏడాదికి ఒక దినం, అందరికీ విహారం. కూలి కట్ చేయొద్దు."

ఆ సబ్-ప్రాజెక్టును నేను కట్టినంత శ్రద్ధగా తాజ్‌మహల్ కూడా కట్టి ఉండరు. విరుదునగర్ ఎలాగూ చూసేశారు కాబట్టి, ఈసారి పాంచాలంకురిచ్చి కోట చూడటానికి ప్రయాణం. ఒక్క పేరూ జారిపోలేదు. బస్సు బయల్దేరే రోజు కొత్త చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని మెట్టు మీద కాలుపెట్టాను. డ్రైవరన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్లిప్పు ఏడమ్మా?"

నా పేరు లేదు! అందరి పేర్లూ ఎక్కించిన మనిషి ఏ విభాగం కిందా లేదు. ముందు సీట్లో మొదలాళి తన స్లిప్పు గర్వంగా చూపించారు. ఇంకా ప్యాకింగ్ విభాగమే, నేను మార్చడం మరిచిపోయాను. కిటికీలోంచి అమ్మ అరిచింది. "ఎక్కించుకోప్పా! కంప్యూటరు మరిచినా ఆ పాపను నేను మరవలేదు!"

సీటు మాత్రం లేదు. డ్రైవరు పక్కన కాలిపోతున్న ఇంజను పెట్టె ఒక్కటే ఖాళీ. దాని సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక ఏ ఊరినీ ఎత్తి దేని కిందా పెట్టను, అర్థం కాని ప్రశ్నకు అవును అనను, ఏ పని మొదలుపెట్టినా ముందు నా సీటు చూసుకుంటాను. ఆ ప్రమాణాన్ని పాంచాలంకురిచ్చి దాకా నిలబడే నిలబెట్టుకున్నాను. ఆ ఇంజను మీద కూర్చోవడం ఎవరి తరమూ కాదు.