ఉస్తాద్ దస్తీ

మా చిన్నప్పుడు... అమ్రాబాద్ గుట్ట దిగుతుంటే మా నాయన నడిపే మోటారులో గేరు దానంతటదే ఊడి వచ్చేది. ఎవరో పక్కన కూర్చుని లాగినట్టు! ఎవరో ఏంటిలెండి... సాయెబు తాతేనని ఊరందరికీ తెలుసు.

కోడేరు దగ్గర ఒక దొరగారి మోటారు అది. దానికి మొదటి డ్రైవరు సాయెబు తాత, మా నాయనకు పని నేర్పిన ఉస్తాద్. గేరు రాడ్డుకు ఎప్పుడూ ఒక ఆకుపచ్చ చేతిరుమాలు, అదే దస్తీ, కట్టి, రెండో కొస సీటు కింది కడ్డీకి ముడేసేవాడు. గేరు మార్చాలంటే ముడి సడలించి, మళ్లీ బిగించేవాడు. దర్గా దస్తీ కాబోలని మేమంతా దానికి దండం పెట్టేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు...

జ్వరంతో మంచం పట్టి, పోయేముందు నాయన చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడట.

"బేటా, ఆ దస్తీ ఇప్పకు."

మా అమ్మకేమో భయం. చచ్చినవాళ్ల బట్ట ఇంట్లోనే ఉంచుకోరు కదా! "ఆయన పానం దానెంబడే తిరుగుతది. మా ఇంటాయన పక్కన అది ఉండొద్దు" అంటూ, నాయన చూడకుండా విప్పి వాగులో వదిలేసింది. బదులుగా మైసమ్మ దగ్గరి పసుపు దారం రాడ్డుకు చుట్టింది. నాయనకు తెలిసేసరికి దస్తీ కొట్టుకుపోయింది.

అప్పటి నుంచే గేరు ఊడడం మొదలైంది. ఉస్తాద్ మాట తప్పారు, అందుకే పట్టాడన్నారు ఊళ్లో. అమ్మకు ముద్ద దిగేది కాదు. తన చేతులతోనే మొగుడి మీదికి దయ్యాన్ని తెచ్చుకున్నానని కుమిలిపోయేది.

ఒకరోజు అమ్రాబాద్‌లో మా అమ్మమ్మ ఇంటి నుంచి నన్ను తీసుకొస్తున్నాడు నాయన. మోటారులో మేమిద్దరమే. గుట్ట దిగే మలుపులో గేరు మళ్లీ ఊడింది... బండి ఒక్కసారిగా తేలికై ఉరికింది. బ్రేకులు కాలిన వాసన. పక్కన లోయ. నాయన క్లచ్ రెండుసార్లు తొక్కి, గేరును లోపలికి నెట్టాడు. మలుపు తిప్పడానికి ఆయనకు రెండు చేతులూ కావాలి.

"పట్టుకో బిడ్డా! ఇడువకు!"

రెండు చేతులతో రాడ్డును పట్టుకున్నాను. అవతల నుంచి ఎవరో వణుకుతూ లాగుతున్నారు... నిజంగా! "తాతా, నేనే తాతా... ఇడువు" అని ఏడుస్తూనే ఉన్నాను, గుట్ట దిగేదాకా.

కింద బండి ఆపి నాయన గేరు రాడ్డును అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

"ఎక్కేటప్పుడు గేరు ఉంటది. సాపు దార్ల ఉంటది. దిగేటప్పుడు, యాక్సిలేటరు మీంచి కాలు తీస్తెనే ఊడుతది. దయ్యానికి ఎత్తేంది, పల్లమేంది? దయ్యం పట్టలే బిడ్డా... గేరే పట్టుకుంటలేదు!"

ఇంటికొచ్చి గేరు బాక్సు విప్పాడు. లోపల పళ్లు అరిగిపోయాయి. గేరును కదలకుండా పట్టి ఉంచే స్ప్రింగు విరిగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, మోటారు సామాను దొరకదు. ఆ స్ప్రింగు చేయాల్సిన పనే దస్తీతో చేయించాడు సాయెబు తాత.

"అందరం మొక్కినం గని, ఎందుకు కట్టినవని ఒక్కలం అడగలే" అంటూ నాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ తన చీర చెంగు చింపి ఇచ్చింది. అదే ముడి వేశాడు. గేరు మళ్లీ ఊడలేదు. అయినా గుట్ట దిగే ముందు "సలాం ఉస్తాద్" అనడం మాత్రం నాయన చివరిదాకా మానలేదు...

ఇప్పుడు మా మనవడి కారులో గేర్లు మార్చే పనే లేదు. మొన్న శ్రీశైలం ఘాట్ దిగుతుంటే "నానమ్మా, ఏం వెతుకుతున్నవ్?" అన్నాడు. చూసుకుంటే నా రెండు చేతులూ సీటు పక్కన ఖాళీగా దేన్నో గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

మీ పెద్దవాళ్లు కూడా ఇలా సగం చెప్పి వెళ్లిపోయిన మాట ఏదైనా ఉందా? కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. నా అరచేతుల్లో ఆ వణుకు ఇంకా ఉంది... అది గేరుదేనని నాయన చెప్పాడు. నమ్మాను. కానీ తాత చెయ్యి వదిలినట్టు మాత్రం ఈనాటికీ అనిపించదు.